చీర కట్టి ఆడితే రెండేళ్ల జైలు!

పోయినేడాది మేడ్చల్‌లో మా ఆడపడుచు వాళ్ల గృహప్రవేశం. పాలు పొంగించి, వ్రతం ముగించి విస్తళ్ల ముందు కూర్చున్నామో లేదో, గేటు దగ్గర చప్పట్లు! 'వచ్చేశార్రా బాబూ' అంటూ మగవాళ్లు జేబులు తడుముకున్నారు. నేనైతే పిల్లల్ని గదిలోకి తోసి తలుపేసేశాను. మా అత్తమ్మ మాత్రం చేటలో బియ్యం, పసుపు కుంకుమ, డబ్బులు పెట్టుకుని బయటికెళ్తూ, "ఎందుకట్ల తలుపేస్తవు బిడ్డా? సూడనీ పిల్లల్ని. వాళ్ల దీవెన ఊకె పోదు" అన్నది.

ఒకామె ఢోలక్ కొడుతుంటే ఇంకొకామె ఆడింది. డబ్బు దగ్గర కాస్త గొడవైన మాట నిజమే. అయిదు వేలడిగి రెండు వేలకు ఒప్పుకున్నారు. మా ఆడపడుచు కొంగులో నాలుగు బియ్యం గింజలు వేసి, "చల్లగుండు అక్కా" అని దీవించి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం లా చదువుతున్న మా అక్క కూతురు అడిగింది. "పిన్నీ, నువ్వు తలుపేసిన ఆ ఆట ఈమధ్య దాకా చట్టప్రకారం నేరం, తెలుసా?"

నేను నమ్మలేదు. ఆ పిల్ల చెప్పాక తెలుసుకుంటే తల తిరిగింది!

నైజాం కాలంలో, 1329 ఫసలీలో, అంటే 1919లో వచ్చిన చట్టమది. పేరు నపుంసకుల చట్టం. అంతకుముందు 1871లో ఇంగ్లీషువాళ్లు తెచ్చిన నేరస్థ జాతుల చట్టంలోనూ ఇలాంటి నిబంధనలే ఉండేవి. నైజాం చట్టం ప్రకారం హిజ్రాల పేర్లతో ఒక రిజిస్టరు ఉండాలి. ఆడవాళ్ల బట్టలు, నగలు వేసుకుని వీధిలో కనబడినా, ఆడినా, పాడినా వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ల దాకా జైలు! నిజాం పోయాడు, హైదరాబాద్ రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ విడిపోయింది. ఆ చట్టం మాత్రం పుస్తకంలో అలాగే ఉండిపోయింది. వైజయంతి వసంత మొగ్లి మరికొందరితో కలిసి కోర్టుకెళ్తే, 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. చదువులో, ఉద్యోగాల్లో వీళ్లకు రిజర్వేషన్లు ఇవ్వాలని, అర్హులకు ఆసరా పింఛను అందాలని కూడా చెప్పింది.

మరి ఇన్నేళ్లూ మన గుమ్మాల్లో ఆడుతూనే ఉన్నారు కదా అంటారా? ఆడారు. కానీ పోలీసు ఎప్పుడు తలుచుకుంటే అప్పుడు నేరమయ్యే ఆట అది. అలా బతకడం ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి.

ఆట ఒకటే, పేర్లు వేరు

క్యాబరే అనగానే మనకు జ్యోతిలక్ష్మి, జయమాలిని గుర్తొస్తారు. విలన్ డెన్‌లో క్లబ్ డాన్సు! మనం తల దించుకున్నట్టు నటిస్తూనే చూసిన పాటలవి. విదేశాల్లో బర్లెస్క్ అనే ఆట ఒకటుంది. సింగారం, వెక్కిరింపు, అతి కలిపి ఆడే వేదిక అది. అమెరికాలో పుట్టిన నల్లజాతి అమ్మాయి జోసెఫిన్ బేకర్ 1925లో పారిస్ వెళ్లి, అరటిపళ్ల లంగా కట్టి ఆడి ప్రపంచాన్ని ఊపేసింది. రెండో ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సు కోసం రహస్యంగా పనిచేసింది. 2021లో ఆ దేశం తన మహనీయుల మందిరం పాంథియాన్‌లో ఆమెకు చోటిచ్చింది. ఆ గౌరవం దక్కిన తొలి నల్లజాతి స్త్రీ ఆమే.

కెనడా ప్రభుత్వం 1884లో చట్టం చేసి ఆదివాసుల పాట్లాచ్ వేడుకల్ని, ఆటల్ని నిషేధించింది. 1951 దాకా అంతే. ఇప్పుడు అదే దేశంలో, వాంకూవర్‌లో, 'విరాగో నేషన్' అనే బర్లెస్క్ బృందంలో అందరూ ఆదివాసీ కళాకారులే! శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆడవాళ్ల బట్టలు మగవాళ్లు, మగవాళ్లవి ఆడవాళ్లు వేసుకుంటే నేరమని 1863లో పెట్టిన నిబంధన 1974 దాకా ఉంది. ఈరోజు ప్రైడ్ అని రంగురంగుల జెండాలతో ఊరేగేవాళ్లు ఆ నిషేధాలన్నిటికీ ఆడుతూ జవాబు చెబుతున్నారన్నమాట. మన హైదరాబాద్‌లో అలాంటి ఊరేగింపు 2013లో మొదలైంది.

మనవాళ్లకు ఇదేమైనా కొత్తా? స్థానం నరసింహారావుగారు ఆడవేషాలతో మెప్పించి 1956లో పద్మశ్రీ అందుకున్నారు. సత్యభామగా జడ తిప్పిన వేదాంతం సత్యనారాయణశర్మగారికి 1970లో పద్మశ్రీ వచ్చింది. రంగస్థలం మీద జడ వేసుకుంటే బిరుదు, రోడ్డు మీద వేసుకుంటే రెండేళ్ల జైలు! ఇదెక్కడి న్యాయం చెప్పండి?

నేను వేసిన జడ

ఒక సంగతి ఎవరికీ చెప్పలేదు. నా హైస్కూలు రోజుల్లో మా పక్కింటి అబ్బాయి వార్షికోత్సవానికి వాళ్లక్క లంగావోణీ కట్టి ఆడాడు. సవరం పెట్టి జడ వేసింది నేనే. హాలంతా ఈలలు, చప్పట్లు, మొదటి బహుమతి! తరవాత కూడా వాడు అద్దం ముందు చున్నీ చుట్టుకునేవాడు. వాళ్ల నాన్న బెల్టుతో కొట్టేవాడు. వీధిలో పిల్లలు పేర్లు పెట్టి పిలిచేవాళ్లు. నేనూ నవ్వాను. ఇంటర్ మధ్యలో ఇల్లొదిలి పోయాడు, మళ్లీ రాలేదు. గేటు దగ్గర చప్పట్లు వినబడ్డప్పుడల్లా నేను మొహాలు చూడకపోవడానికి కారణం భయం కాదేమో, సిగ్గేమో!

మేడ్చల్‌కు శామీర్‌పేట ఎంత దూరం? అక్కడి నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం 2015లో ఒక విద్యార్థి కోరితే శ్రీ, కుమారి కాకుండా 'మిక్స్' అనే సంబోధనతో సర్టిఫికెట్ ఇచ్చింది. 2022లో ఒక హాస్టల్ కింది అంతస్తును ఆడా మగా తేడా లేని చోటుగా ప్రకటించి, ఇలాంటి పిల్లలకు గదులు కేటాయించింది. 2024 డిసెంబరులో హైదరాబాద్ ట్రాఫిక్ విధుల్లో 39 మంది ట్రాన్స్‌జెండర్లు చేరారు. సిగ్నల్ దగ్గర చెయ్యి చాచడం తప్ప దారి లేదనుకున్న చోటే చెయ్యెత్తి బళ్లు ఆపుతున్నారు!

కోర్టులు చెయ్యాల్సింది కొంత చేశాయి. ఇంట్లో చెయ్యాల్సింది మనమే. మీ అబ్బాయి మీ చున్నీ చుట్టుకుని అద్దం ముందు నిలబడితే వెంటనే చెయ్యెత్తకండి. నాన్న చెయ్యెత్తితే అడ్డు నిలబడండి. పేర్లు పెట్టి పిలిచే పక్కింటి పిల్లల్ని మందలించండి. ఆ వయసులో ఇంట్లో చోటు దొరికిన పిల్లలు చదువు పూర్తిచేస్తారు, ఇష్టమైతే ఆడతారు, లేకపోతే ఇంకో పని చేసుకుంటారు.

మొన్న బోనాల పండగకు మళ్లీ మా ఆడపడుచు ఇంటికెళ్లాను. గేటు దగ్గర చప్పట్లు వినబడ్డాయి. ఈసారి చేట నేనే పట్టుకెళ్లాను. పిల్లలు నా వెనకాలే వచ్చారు. ఆడుతున్నామె మొహంలోకి చూశాను. మా పక్కింటివాడు కాదు.

"ఏందక్కా, గట్ల సూస్తున్నవు?" అందామె.

"జడ బాగుంది" అన్నాను.