ఇంటిపేరు: నివాసమా, అభిజనమా?

తెలుఁగువారి పేరులయందు రెండుభాగములు కలవు. ముందుండునది యింటిపేరు, వెనుక నుండునది వ్యక్తిపేరు. వ్యక్తిపేరు తల్లిదండ్రులు పెట్టినది. ఇంటిపేరు ఎవరును ముహూర్తము చూచి పెట్టినది కాదు; పొరుగువారు పిలువఁగాఁ బిలువఁగా నిలిచినది. కావుననే దాని యర్థము వెదకుట కష్టము. ఈ కష్టము తప్పించుకొనుటకై కొందఱు తోఁచిన సంస్కృతవ్యుత్పత్తిని గల్పించి తృప్తి నొందుచున్నారు. మఱికొందఱు దానిని ఒకటి రెండు ఇంగ్లీషు పొడియక్షరములలో నిమిడ్చి, అర్థమే లేనిదానినిగాఁ జేయుచున్నారు. ఇంటిపేరు తెలుఁగు వ్యాకరణమున కధీనమైన పదమనియు, ఆ వ్యాకరణము ననుసరించి చదివినచో నది యొక కుటుంబము ఎచ్చోటనుండి కదలివచ్చెనో చెప్పు సాక్ష్యమనియు నిచ్చటఁ జూపఁబడును. ఉదాహరణములు ప్రాయికముగాఁ దెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములవి. 1904లో నేర్పడిన గుంటూరుజిల్లాలో నీ మూఁడును జిరకాలము కలిసియుండెను. 2022 ఏప్రిలులో బాపట్ల ప్రత్యేకజిల్లా కాఁగా రేపల్లె యందుఁ జేరినది. తెనాలి గుంటూరుజిల్లాలోనే నిలిచినది. ఎల్లలు మాఱినను ఇంటిపేరులు మాఱలేదు.

పదస్వరూపము

మొదట “ఇంటిపేరు” అను మాటనే పరిశీలింపవలయును. ఇల్లు అను శబ్దము మఱియొక నామముతో సంబంధించునపుడు “ఇంటి” యగును. విల్లు “వింటి” యగును. పల్లు “పంటి” యగును. ఊరు “ఊరి”, ఏఱు “ఏటి”, రాయి “రాతి” యగుటయు నిట్టిదే. 1858లో వెలువడిన బాలవ్యాకరణమునఁ బరవస్తు చిన్నయసూరి యీ ఇ, టి, తి వర్ణములకు ఔపవిభక్తికములని సంజ్ఞ చేసెను. ఊరిపేరు ఇంటిపేరగునపుడు ఈ ఔపవిభక్తికమే పనిచేయుచున్నది.

వేమూరు వేమూరి యైనది. కొల్లూరు కొల్లూరి యైనది. కొలకలూరు కొలకలూరి యైనది. పాడు అను తుదగల యూళ్ళనుండి “పాటి” యనునదియు, వీడు అను తుదగలవానినుండి “వీటి” యనునదియు వచ్చినవి. కొండవీడు కొండవీటి యగుట యందఱెఱిఁగినదే. గల్లు అను తుద “గంటి” యగును; ఓరుగల్లునుండి ఓరుగంటివా రేర్పడిరి. 1909లోఁ దెనాలియందు జన్మించిన కథారచయిత కొడవటిగంటి కుటుంబరావు ఇంటిపేరి తుదయు నిట్టిదే.

పర్రు అను తుద “పర్తి” యగుట యీ ప్రాంతమున స్పష్టముగాఁ గనఁబడును. తెనాలిసీమలోని మోపర్రునుండి మోపర్తివారు, యలవర్రునుండి యలవర్తివారు వచ్చిరి. చర్మశాస్త్రమునఁ బ్రసిద్ధుఁడైన యలవర్తి నాయుడమ్మ (1922–1985) యలవర్రులోనే జన్మించెను. ఊరును ఇంటిపేరును బ్రక్కప్రక్క నుంచినఁగాని యీ సంబంధము పొడకట్టదు. వ్యాకరణము నుపేక్షించినవాఁడు “వర్తి” యను తుదను జూచి దీపపువత్తి యనియో, చక్రవర్తిలోని వర్తి యనియో చెప్పును. “గంటి”ని జూచి దేవాలయపుగంటను స్మరించును. ఆ యర్థములు వినుటకు సొంపైనవే కాని, ఆ కుటుంబము వచ్చిన యూరిని మఱపించును.

కొన్ని యూళ్ళపేరులు మార్పు లేకయే యింటిపేరు లగును. తెనాలి, ధూళిపూడి, తుమ్మపూడి యనునవి యిదివఱకే యికారాంతములు గావున వానికి వేఱొక యికార మక్కఱలేదు. దుగ్గిరాల, అప్పికట్ల, బాపట్ల యనునవి మఱియొక తెఱఁగువి. రాయి బహువచనమున “రాలు”, సంబంధమున “రాల”. కట్టు “కట్లు”, “కట్ల”. పట్టు “పట్లు”, “పట్ల”. ఈ యూళ్ళపేరులే బహువచనపు షష్ఠీరూపములవలెఁ గనఁబడుచున్నవి గావున, ఇంటిపేరగునపుడు వానికిఁ గ్రొత్తమార్పు కలుగదు.

నివాసాభిజనభేదము

ఒకఁడు ఊరిపేరుతోఁ బిలువఁబడుటకు రెండు కారణము లుండవచ్చునని పాణినీయము చెప్పుచున్నది. ఒకటి నివాసము, రెండవది అభిజనము. ఇప్పుడు తానుండుచోటు నివాసము, పూర్వులుండినచోటు అభిజనమని మహాభాష్యకారుఁడు వివరించెను. ఈ రెంటికిని సూత్రకారుఁడు వేఱువేఱుగా విధి చేసెను. శలాతురము అభిజనముగాఁ గలవాఁడు శాలాతురీయుఁ డగునని చెప్పిన యాచార్యుఁడే శాలాతురీయుఁడని ప్రసిద్ధి కెక్కెను.

తెలుఁగు ఇంటిపేరు అభిజనమే కాని నివాసము కాదు. వేమూరిలో నున్నవారందఱును వేమూరివారే. అచ్చట నాపేరు ఎవనిని వేఱుచేయఁగలదు? ఒకఁడు వేమూరు విడిచి పొరుగూరు చేరినపుడే యచ్చటివారు వానిని “వేమూరివాఁడు” అందురు. కొడుకులు, మనుమలు నచ్చటనే పుట్టి పెరిగినను ఆ పిలుపు పోదు. కావున ఊరిపేరు గల ప్రతి యింటిపేరును ఒక ప్రయాణమునకు గుఱుతు. చీరాల పేరాల యుద్యమమును 1921లో నడిపిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య (1889–1928) అప్పటి కృష్ణాజిల్లాలోని పెనుగంచిప్రోలున జన్మించెను. దుగ్గిరాల వారివంశమునకు నివాసము కాదు, అభిజనము.

ఒకే వంశమునకు రెండభిజనము లుండుటయుఁ గలదు. పాండురంగమాహాత్మ్యమును రచించిన తెనాలి రామకృష్ణకవి గార్లపాటివారని ప్రసిద్ధి. గార్లపాడు విడిచినందున గార్లపాటివారైరి. తెనాలి విడిచి యన్యదేశమునఁ బేరువడసినందునఁ దెనాలి రామకృష్ణుఁడనఁబడెను. తెనాలిలోనే యుండిపోయినచో నాతనిని దెనాలి రామకృష్ణుఁడని పిలువవలసిన పని యెవరికిని లేదు. కవికిఁ గీర్తితోఁ గూడ రెండవ యూరిపేరు లభించినది.

ఇంటిపేరు లేని కాలము

ఇంటిపేరు సనాతనమని తలఁచుట పొరపాటు. రేపల్లె దారిలోని భట్టిప్రోలున 1892లో అలెగ్జాండరు రీ త్రవ్వించిన స్తూపమునుండి అక్షరములు చెక్కిన ధాతుపేటికలు దొరకినవి. అవి క్రీస్తునకుఁ బూర్వపువి, భాష ప్రాకృతము. వానియందు అనేకుల పేరులు కలవు. కుబిరకుఁడను రాజుపేరు కలదు. ఒక పేటికపై కుర యనువాని తండ్రి, తల్లి, కుర, శివ యనువారు దాతలుగాఁ జెప్పఁబడిరి. అచ్చట మనుష్యుని గుఱుతించుటకు బంధుత్వమే చాలినది, ఇంటిపేరు కానరాదు. పదునొకండవ శతాబ్దమున నన్నయభట్టు తన్నుఁగూర్చి చెప్పికొన్నచోటను ఇంటిపేరు లేదు. పదుమూఁడవ శతాబ్దపు తిక్కనసోమయాజి వంశమునకుఁ గొట్టరువు అను నింటిపేరు వినఁబడుచున్నది. ఈతని పితామహుఁడగు మంత్రిభాస్కరుఁడు గుంటూరి నేలినవాఁడు. కొట్టారు అనఁగా ధాన్యము నిలువచేయు కొట్టు. దాని యధికారమునుబట్టి యీ పేరు వచ్చెనని పెద్దల మతము. ఇట్లు ఊరికిఁ దోడు ఉద్యోగమును ఇంటిపేరునకు మూలమైనది.

పురుషనామమూలకములు

మూఁడవ మూలము పూర్వపురుషుని పేరు. నాయకుఁడు అను పదము నాయఁడై, నేఁడై మాఱినది. పలనాటి బ్రహ్మనాయుఁడు బ్రహ్మనేఁ డనఁబడుట యిట్టిదే. వాఁడు “వాని” యగునట్లు నేఁడు “నేని” యగును. కావున గోగినేని యనఁగా గోగినేఁడను వాని సంతతివారని యర్థము. నిడుబ్రోలున జన్మించి రైతునాయకుఁడై ప్రసిద్ధి కెక్కిన యాచార్య రంగా (1900–1995) ఈ గోగినేనివారు. తెనాలిలో సూతాశ్రమము నిర్మించుకొని వసించిన త్రిపురనేని రామస్వామి (1887–1943) ఇంటిపేరును ఈ కోవలోనిదే. సంస్కృతమున అపత్యార్థమునఁ దద్ధితము చేయుపనిని దెలుఁగున నొక్క షష్ఠీరూపము చేయుచున్నది.

ఇంటిపేరు ఊరినుండి వచ్చుటయే కాక, ఊరును ఇంటిపేరునుండి రావచ్చును. బాపట్లచేరువ నున్న పిట్టలవానిపాలెమును జూచునది. “పిట్టలవాఁడు” అనఁబడిన యొకని పాలెమది. ఆ యూరినుండి మఱియొకఁడు కదలిపోయినచో నా యూరిపేరే వానికి మరల నింటిపేరు కావచ్చును.

సంస్కృతీకరణము

ఊళ్ళపేరులను సంస్కృతమునఁ జెప్పుట పండితుల కలవాటు. బాపట్లను భావపురి యందురు. అచ్చటి భావనారాయణస్వామి సన్నిధినిబట్టి పూర్వభాగము పొసఁగుననవచ్చును. కాని “పురి” యనునది యే ధ్వనిమార్పుచేతను “పట్ల” కానేరదు. భావపురి బాపట్లకుఁ దల్లి కాదు, సంస్కృతపు టలంకారము. రేపల్లె యట్లు కాదు. వ్రేపల్లెయే రేపల్లె యయ్యెననుట వ్యాకరణమునకు సమ్మతము; వ్రాయు రాయు, వ్రాత రాత యగునట్లు మొదటి వకారము లోపించినది. వ్రేపల్లె యనఁగా గొల్లలపల్లె. తెలుఁగుకవులు నందగోకులమునకు వాడిన మాట యిదియే. ఇచ్చట దేశిపదమే సంస్కృతముకంటె మనోహరమైనదిగా నున్నది.

వ్యక్తినామములు

వ్యక్తినామములు ప్రాయికముగా దేవతాపరములు. బాపట్ల, పొన్నూరుల చుట్టుప్రక్కల భావనారాయణ నామమును, కోటప్పకొండ మ్రొక్కుచేఁ గోటేశ్వర, కోటయ్య నామములును, రేపల్లెకుఁ గృష్ణ యావలియొడ్డున నున్న మోపిదేవి సుబ్రహ్మణ్యునిచే సుబ్బయ్య, సుబ్బారావు నామములును బెట్టుదురు. గ్రామదేవతలనుండి యంకమ్మ, పోలమ్మ మొదలగునవి వచ్చినవి.

వీనికంటె విచారింపఁదగినవి పుల్లయ్య, పెంటయ్య, బిచ్చయ్య వంటి పేరులు. పిల్లలు పుట్టి పుట్టి పోవుచున్న యింట, పుట్టిన శిశువును బుల్లాకుపైఁ బొరలించి పుల్లయ్య యనియు, పెంటపై నుంచి తెచ్చి పెంటయ్య యనియు, పరులనుండి బిచ్చమెత్తినట్లు గ్రహించి బిచ్చయ్య యనియుఁ బిలిచెడివారు. హీనమైన పేరుగలవానిని మృత్యువు కోరదని వారి నమ్మిక. ఇట్టిపేరులను మోటవని యెగతాళి చేయుటయు, వానికి సంస్కృతరూపములు గల్పించుటయుఁ దగదు. ఆ పేరున నొక తల్లిదుఃఖ మున్నది. దానిని దిద్దినచో దుఃఖము తీరదు. దాని జ్ఞాపకము మాత్రము పోవును.

ప్రమాణవిచారము

ఊరిపేరును ఇంటిపేరును గలిసినమాత్రమున సంబంధము సిద్ధింపదు. కొల్లూరు, రావూరు మొదలగు పేరులు గల గ్రామములు తెలుఁగునాట ననేకములు. కావున వంశపారంపర్యపు మాట, గోత్రము, ఇలవేలుపు, శాసనములు, పాతదస్తావేజులు కలిపి చూడవలయును. ఒకే యింటిపేరు పలుకులములవారికి నుండును. దానినిబట్టి కులమును నిర్ణయించుట తప్పు. ఒకే యూరు విడిచినవారని మాత్రమే యూహింపవచ్చును. మతము మాఱినను ఇంటిపేరు నిలుచును. 1939లో వేజండ్లయందు జన్మించిన రచయిత కొలకలూరి ఇనాక్ పేరు దీనికిఁ జక్కని నిదర్శనము. ఇనాకు బైబిలునుండి వచ్చినది. కొలకలూరి తెనాలిచెంతనున్న యూరి షష్ఠీరూపము. యూదులదేశపు పేరును తెలుఁగు ఔపవిభక్తికమును ఒక్క సమాసమున నిమిడినవి.

ఇప్పటి ప్రమాదము

షష్ఠీరూపమునకు వెనుక నొక నామ ముండవలయును. వేమూరి రామయ్య యనఁగా వేమూరికి సంబంధించిన రామయ్య. ఇతరదేశముల పద్ధతి ననుసరించి “రామయ్య వేమూరి” యని వ్రాసినచో, “తలుపు ఇంటి” యన్నట్లు షష్ఠి యాధారము లేక వ్రేలాడును. విదేశములలోని తెలుఁగువారి కిది తప్పనిసరి కావచ్చును. తెలుఁగున వ్రాయునపుడుగూడ నీ క్రమమునే పాటించుటకుఁ గారణము లేదు. పొడియక్షరములచే నింకను హాని గలదు. వేమూరివారు, వేలూరివారు, వెంపటివారు నందఱును “వి” యను నొక్కయక్షరమున నణఁగిపోయి, వచ్చినత్రోవ దెలియనివారగుదురు.

దీనికిఁ బ్రతిక్రియ పాఠశాలలలోనే కలదు. బడిరిజిష్టరునందు విద్యార్థి యింటిపేరును దెలుఁగున బూర్తిగా వ్రాయించుట మొదటిపని. ఆ రూపమునుండి ప్రథమావిభక్తిని సాధించి యూరిని గుఱుతింపుమనుట రెండవపని. తాతముత్తాతలు ఎచ్చటనుండి వచ్చిరో యింటిపెద్దల నడిగి వ్రాసికొని రమ్మనుట మూఁడవది. ఔపవిభక్తికపాఠమునకు ఇంతకంటె దగ్గఱి యుదాహరణము దొరకదు. ఒక్కొక్క గ్రామమున నిట్టి పట్టిక సిద్ధమైనచో, శాసనములు చెప్పని వలసల చరిత్ర కొంత వెలువడును. పెద్దలు జీవించియుండఁగానే యీ పని జరుగవలయును. వారితోఁ గూడ ఊరిపేరు పోయినపిమ్మట వ్యాకరణ మొక్కటియే దానిని మరల తేలేదు.