ఫోన్‌లో ఉద్యోగం వెతుకుతున్నారా? ఈ నాలుగు విషయాలు చూసుకోండి

డిగ్రీ అయిపోయిన పిల్లలు ఫోన్ పట్టుకుంటే "పొద్దస్తమానం అదేనా?" అని అమ్మీ కోప్పడటం మన ఇళ్లలో మామూలే. కానీ సరిగ్గా వాడితే అదే ఫోన్ ఉద్యోగానికి దారి చూపిస్తుంది.

నేను బీకాం అయిన కొత్తలో కనిపించిన ప్రతి వాట్సాప్ గ్రూపులో రెజ్యూమే పడేసేవాణ్ని. ఆరు నెలలైనా ఒక్క ఫోన్ రాలేదు. నాకు ఏ పని వచ్చో అది చూసినవాళ్లకు అర్థమయ్యేలా లేదని తర్వాత తెలిసింది.

1. పని పేరు రాయండి

లింక్డ్‌ఇన్‌లో మీ పేరు కింద ఒక లైన్ ఉంటుంది. దాన్ని హెడ్‌లైన్ అంటారు. అక్కడ 'ఉద్యోగం కోసం చూస్తున్నాను' అని మాత్రమే రాస్తే లాభం లేదు. కంపెనీల హెచ్ఆర్ వాళ్లు పని పేరుతో వెతుకుతారు. 'అకౌంట్స్ అసిస్టెంట్, ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు, ఎక్సెల్' అని రాస్తే వాళ్లకు కనబడే అవకాశం పెరుగుతుంది. వచ్చిన పనే రాయండి, ఇంటర్వ్యూలో అడుగుతారు.

2. ఫోటో తప్పనిసరి కాదు

ఫోటో పెట్టాలేమోనని కొన్ని ఇళ్లలో ఆడపిల్లలకు అకౌంటే వద్దంటారు. లింక్డ్‌ఇన్‌లో ఫోటో లేకుండా కూడా ప్రొఫైల్ పెట్టుకోవచ్చు. పెట్టినా ఎవరికి కనబడాలో సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు. ఇంటి అడ్రస్, ఫోన్ నంబరు అందరికీ కనబడేలా పెట్టొద్దు. ఈమెయిల్ చాలు.

3. అడిగే పద్ధతి

"భాయ్, ఏదైనా జాబ్ ఉంటే చూడండి" అంటే ఎవరైనా ఏం చేస్తారు? "సలాం భాయ్, మీ కంపెనీ వెబ్‌సైట్‌లో జూనియర్ అకౌంటెంట్ పోస్టు చూశాను. ట్యాలీలో ఏడాది పని చేశాను. నన్ను రిఫర్ చేయగలరా?" అని అడగండి. చాలా కంపెనీల్లో ఉద్యోగులు తెలిసినవాళ్లను రిఫర్ చేసే పద్ధతి ఉంది. కాలేజీ సీనియర్లు, మామూ, ఖాలా పిల్లలు, ఎవరినైనా ఇలాగే అడగొచ్చు.

4. గల్ఫ్ మెసేజ్ వస్తే ఆగండి

'ఖతర్‌లో ఉద్యోగం, ఇంటర్వ్యూ లేదు, ఈరోజే డబ్బు కట్టాలి' అని ఫార్వర్డ్ వస్తే తొందరపడొద్దు. ఏజెంటుకు లైసెన్స్ ఉందో లేదో విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ సైట్‌లో చూడండి. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోగల సర్వీస్ ఛార్జీ గరిష్ఠంగా రూ.30 వేలు, దానిపై జీఎస్టీ. రసీదు అడగండి. 'విజిట్ వీసా మీద వెళ్లండి, అక్కడ మారుస్తాం' అంటే నమ్మొద్దు. యూఏఈలో విజిట్ వీసా మీద పని చేయడం చట్టవిరుద్ధం. తెలంగాణ వాళ్లు ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో కూడా అడగొచ్చు. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపించే అవకాశం అంత ఎక్కువ.

పెద్దవాళ్లకు ఒక మాట. పిల్లలు తిడతారేమోనన్న భయంతో ఇంట్లో చెప్పకుండా డబ్బు కడతారు. వచ్చిన ఆఫర్‌ను అబ్బాకు, అమ్మీకి చూపించే ధైర్యం వాళ్లకు ఇవ్వండి. గాజులు తాకట్టు పెట్టేముందు ఆ మెసేజ్‌ను ఇంట్లో అందరూ ఒకసారి కూర్చుని చదవండి.