పండు కోసే చేతిలోనే ఉంది కాఫీ రుచి

అరకులోయ: కాఫీ కొమ్మ మీద కాయలన్నీ ఒకేసారి పండవు. నవంబరు మొదలు సంక్రాంతి దాకా ఒకే మొక్క దగ్గరకు మూడు నాలుగుసార్లు వెళ్ళి ఎర్రబడిన పండునే తుంచాలి. పచ్చికాయను ఇంకో వారానికి వదిలెయ్యాలి. చెప్పడానికి తేలికే. కానీ పచ్చికాయకూ పండుకూ ఒకే ధర కడితే కొమ్మంతా దూసెయ్యడమే లాభం గదా!

మన్యంలో చాలాకాలం జరిగింది అదే. దూసిన కాయను నేల మీద ఎండబెట్టి, సంతలో దళారి కాటా మీద పోసి, ఇచ్చింది పుచ్చుకునేవారు. ఆ గింజ ఎవరి కప్పులోకి వెళ్ళిందో, తాగినవారు మెచ్చారో తిట్టారో గిరిజనుడికి చెప్పేవారు లేరు. అలాంటప్పుడు అతనికి పనిమీద శ్రద్ధ లేదనడం న్యాయం కాదు.

నాంది ఫౌండేషన్ తోడ్పాటుతో చిన్న, సన్నకారు గిరిజన రైతులు పరస్పర సహాయ సహకార సంఘంగా ఏర్పడ్డాక ఈ పద్ధతి మారింది. పండిన పండుకే ధర కట్టడం మొదలైంది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కూడా కాఫీ కొంటోంది. కొనేవారు ఇద్దరుంటే దళారి నోరు కొంత తగ్గుతుంది.

పండు కోసిన తరువాత పని ఇంకా సున్నితం. ఆ రోజే తొక్క తీయాలి. బస్తాలో రాత్రంతా మగ్గితే పులుపెక్కుతుంది. కాబట్టి లారీ ఆలస్యం చేసిన డ్రైవరు కూడా రుచి చెడగొట్టినవాడే. పండ్లను నీళ్ళలో పోస్తే తాలువి తేలిపోతాయి. వాటిని తీసేసి, తొక్క ఒలిచి, గింజకు అంటిన జిగురు పోయేదాకా కడిగి, వలబల్లల మీద ఆరబెడతారు. మధ్యమధ్య తిరగెయ్యాలి, సాయంత్రం మంచు పడకుండా కప్పాలి. ఇంతా చేస్తే సుమారు ఆరు కిలోల పండ్లకు కిలో గింజ వస్తుంది. ఒక్కరు అశ్రద్ధ చేసినా మిగతావారి కష్టం వృథా.

2009 నుంచి 'జెమ్స్ ఆఫ్ అరకు' పోటీలు జరిపారు. విదేశీ నిపుణులు వచ్చి, ఊళ్ళ నుంచి తెచ్చిన నమూనాలను చెంచాతో జుర్రి మార్కులు వేశారు. తన పనికి మార్కులు పడడం రైతు కళ్ళారా చూశాడు. 2017లో పారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరిచారు. 2018లో అక్కడే బంగారు బహుమతి దక్కింది. 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది.

అయితే సొంత తోట ఉన్నవారి మాట వేరు, కూలీల మాట వేరు. అటవీ అభివృద్ధి సంస్థకు కూడా ఏజెన్సీలో కాఫీ తోటలున్నాయి. పెద్ద తోట ఎవరిదైనా పండు కోసేది కూలీలే, అందులో ఆడవాళ్ళు ఎక్కువ. బరువు చూసి మాత్రమే కూలి ఇస్తే వారూ కొమ్మ దూస్తారు. బుట్ట దింపగానే ఆమె ఎదుటే పచ్చికాయ వేరుచేసి చూపి, ఎర్రపండుకు కిలోకు కొంత కలిపి ఇస్తే మరుసటి రోజు బుట్ట రంగే మారుతుంది. కాటా ముల్లు ఆమెకు కనబడేలా ఉండాలి. డబ్బు సంక్రాంతికి ముందే చేతికి అందాలి.