పెరటి కోడికి ఎన్ని రూపాలు!

మీరు బిలాస్‌పూర్ జిల్లా బెల్తరాలో ఉన్నా, విజయనగరం జిల్లాలోని ఏ పల్లెలో ఉన్నా ఒక పని చేయండి. వీధిలో తిరిగే పది నాటుకోళ్ళను పరిశీలించి ఈకల రంగు, తలమీది జుట్టు ఆకారం, కాళ్ళ రంగు రాసుకోండి. ఏ రెండూ ఒకేలా ఉండకపోవచ్చు. తర్వాత ఫారంలోని తెల్లకోళ్ళను చూడండి. పదివేలున్నా అన్నీ ఒకే అచ్చు!

మనవాళ్ళు ఈ తేడాలకు ఏనాడో పేర్లు పెట్టారు. నల్లపుంజు కాకి, తెల్లది సేతువ, ఎర్రది డేగ. అయితే రంగు వేరు, జాతి వేరు. కాకి, డేగ రెండూ అసీల్ జాతిలో ఉండవచ్చు. బలమైన కాళ్ళు, పొడవాటి మెడ గల ఈ అసీల్‌కు ఛత్తీస్‌గఢ్, ఒడిశా, ఆంధ్రప్రదేశ్‌లు స్వస్థలాలు. ఉత్తరాంధ్రలో డంకి, చిత్తూరు, నెల్లూరు ప్రాంతాల్లో కాళహస్తి, చిత్తూరు, కోలారు వైపు ఘాగస్ జాతులు ఉన్నాయి.

కోడిజుట్టు చూసి జన్యుశాస్త్రం నేర్చుకోవచ్చునంటే నమ్ముతారా? 20వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో ఇంగ్లండులో బేట్‌సన్, పన్నెట్ చేసిన పని అదే. గులాబీ ఆకారపు జుట్టున్న కోడిని బఠానీ ఆకారపు జుట్టున్న కోడితో కలిపితే, పిల్లలకు రెండూ కాని అక్రోటుకాయ లాంటి జుట్టు వచ్చింది. ఆ పిల్లలను తమలో తాము కలిపితే ప్రతి పదహారింటికి సగటున 9 అక్రోటు, 3 గులాబీ, 3 బఠానీ వచ్చాయి. మిగిలిన ఒక్కదానికి తాతల్లో ఎవరికీ లేని మామూలు రంపపు జుట్టు! రెండు వేర్వేరు జన్యువులు కలిసి ఒకే లక్షణాన్ని నిర్ణయిస్తాయని అలా తేలింది. అసీల్‌ది బఠానీ జుట్టు.

మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతపు కడక్‌నాథ్‌కు చర్మమే కాదు, మాంసం, లోపలి అవయవాలు కూడా నల్లగా ఉంటాయి. క్రోమోజోములో ఒక భాగం రెట్టింపు కావడంవల్ల మెలనిన్ కణాలు ఒళ్ళంతా పాకుతాయి. ఇక బోడిమెడ కోడికి ఈకలు 20 నుంచి 40 శాతం తక్కువ. అందుకే ఎండను బాగా తట్టుకుంటుంది. వేసవిలో ఫారం కోళ్ళు వడదెబ్బకు చచ్చే మన దేశంలో ఈ ఒక్క జన్యువు విలువ ఎంతో ఊహించండి.

ఇవి పోతే ఏమవుతుంది? ప్రాచీన జాతుల్లోని అరుదైన జన్యురూపాల్లో సగమో అంతకన్నా ఎక్కువో వాణిజ్య కోళ్ళలో లేవని 2008లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. తెల్ల లెగ్‌హార్న్ పెట్ట గుడ్లమీద కూర్చోవడమే మరిచింది. పొదగడం మానితేనే ఎక్కువ గుడ్లు పెడుతుంది కాబట్టి మనిషి దాన్ని అలా ఎంచుకున్నాడు. పెరట్లో మాత్రం పొదగని పెట్ట ఎందుకు?

పల్లెలో అసలు ప్రమాదం చావు కాదు, సంకరం. హేచరీ పుంజుతో కలిపితే మొదటి తరంలో నాటు వారసత్వం సగం, తర్వాత పావు. అలాగే సాగితే నాలుగో తరానికి పదహారో వంతే మిగులుతుంది. పందేలవల్లే అసీల్ బతికిందనే వాదన వింటుంటాం. కొంత నిజమే. కాని పందెగాడు చూసేది కొట్లాటనే. పిల్లల్ని సాకే గుణాన్నీ, రోగాన్ని తట్టుకునే శక్తినీ అతడు లెక్కించడు. పైగా పందేలు చట్టరీత్యా నేరం.

హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ అసీల్, ఘాగస్, కడక్‌నాథ్, నికోబారి మందలను పెంచుతోంది. కాని ఒక్కచోటే దాస్తే బర్డ్‌ఫ్లూ ఒక్కసారి వచ్చినా చాలు. 2006లో నవాపూర్‌లో లక్షలాది కోళ్ళను చంపవలసి వచ్చింది.

పశువుల్లోలాగా వీర్యం గడ్డకట్టించి దాచలేమా? దాచవచ్చు. కాని చిక్కుంది. మనుషుల్లో లింగాన్ని నిర్ణయించేది తండ్రి క్రోమోజోము. పక్షుల్లో తల్లిది. పెట్టలో మాత్రమే ఉండే డబ్ల్యూ క్రోమోజోము పుంజు వీర్యంలో ఉండదు. పచ్చసొనతో నిండిన గుడ్డును గడ్డకట్టించనూ లేం. అందుకే పిండంలోని ఆదిమ బీజకణాలను తీసి దాచి, మరో జాతి కోడి పిండంలోకి ఎక్కించే పద్ధతిని శాస్త్రజ్ఞులు రూపొందించారు. దీనికి మంచి ప్రయోగశాల కావాలి. పెరట్లో పెట్టను పొదగనివ్వడానికి ఒక గంప, కాస్త గడ్డి చాలు.