ఉమ్మడి కాఫీ కళ్లము కట్టించుకొనువారికి కొన్ని సంగతులు

బొర్రా చుట్టుపట్ల కొండలలో కాఫీపండ్ల కోత నవంబరు మొదలు జనవరివఱకు సాగును. అవి మంచు దట్టముగా కురియు దినములు. గింజను మట్టినేలపై నెండబోసిన మన్నువాసన పట్టును, సరిగా నెండనిచో బూజు పట్టును, ధర పడిపోవును. ఇందుచే కొందఱు సభ్యులు కలిసి ఉమ్మడి గచ్చుకళ్లము కట్టించుకొన నుద్దేశింతురు. అట్టివారు ఇంజనీరునొద్దకు పోయినపుడు పని యే వరుసను జరుగునో ముందుగా నెఱిగియుండుట మేలు.

మొదటిదినముననే పటము చేతికి రాదు. ఆయన ముందు ప్రశ్నలు వేయును. సభ్యులెందఱు? కోత ముమ్మరముగా నున్నపుడు దినమునకెంత పండు వచ్చును? పండునే యెండింతురా, తొక్క తీసి కడిగి యెండింతురా? ఈ లెక్కలు రైతులే చెప్పవలెను. కడిగిన గింజ యెండుటకు 8 దినములు పట్టుననుకొందము. అపుడు 8 దినముల సరకు ఒక్కసారిగా కళ్లముపై నుండును. కనుక ఒకదినపు సరకునకు వలయు చోటునకు 8 రెట్లు కావలయును. ఈ లెక్క మఱచి కట్టినచో మొదటివారములోనే చోటు చాలకపోవును.

పిమ్మట ఆయన స్థలము చూచుటకు వచ్చును. కొండనీడ యేవేళ నెచ్చట పడునో, వాననీరెటు పాఱునో ఊరి పెద్దలు చూపవలెను. భూమి పత్రములును సిద్ధముగా నుంచవలెను. 1970లో సవరింపబడిన 1959 సంవత్సరపు భూమి బదిలీ రెగ్యులేషను ననుసరించి షెడ్యూలు ప్రాంతమందలి భూమి గిరిజనులకుగాని, కేవలము గిరిజనులే సభ్యులుగా గల సహకారసంఘమునకుగాని తప్ప అన్యులకు బదిలీ కారాదు.

తరువాత చిత్తుపటము వచ్చును. చదువురాని సభ్యులకుకూడ బోధపడునట్లు ఆ కొలతలను నేలపై సున్నముతో గీయించి, అందఱును నడచి చూడవలెను. రాత్రివేళ గింజను కుప్పచేసి కప్పుటకు చోటున్నదా? బస్తాలు మోయు బండి తిరుగునా? మార్పులు కోరుటకిదియే అదను. కాగితముపై గీతను చెఱుపుట సులభము. కట్టిన గచ్చును పగులగొట్టినచో ఖర్చు రెండింతలు.

తుదిపటముతో అంచనాయు వచ్చును. రుసుమెంత, వాయిదాలెన్ని, ఎన్నిమార్లు మార్పులు చేయును, పని జరుగునపుడు ఎన్నిసారులు వచ్చి చూచును అను విషయములను వ్రాతపూర్వకముగా గైకొని, మహాజనసభలో తీర్మానించిన పిదపనే బయానా నీయవలెను.

కోత ముగిసిన వెంటనే, ఫిబ్రవరిలో, ఈ ప్రయత్న మారంభించినచో వానలకు ముందే గచ్చుపని ముగియుట కవకాశముండును. సంఘపు సొమ్ము సభ్యుల వాటాసొమ్మే. కావున అడుగుటకు సంకోచింపక, ప్రతిసభ్యుడును పటము చూచి తన మాట చెప్పవలెను.