ఒక్క ఊపిరిలో తీసే బొమ్మ

"గట్టిగా గాలి పీల్చండి... ఆపండి." ఛాతీ ఎక్స్‌రేకి వెళ్లినా, సీటీ స్కాన్‌కి వెళ్లినా ఈ మాట తప్పదు. విరిగిన చెయ్యి బొమ్మ తీయడం తేలిక, పట్టుకుంటే కదలకుండా ఉంటుంది. ఊపిరితిత్తులు అలా కాదు. మనిషి నిద్రపోయినా అవి కదులుతూనే ఉంటాయి, పైగా వాటిలో ఉండేది చాలావరకు గాలే. ఈ రెండు చిక్కులనూ ఒక్కొక్క యంత్రం ఒక్కొక్క మేరకు విప్పింది. అందుకే ఒక్కోదానికీ చూపగలిగినదీ, చూపలేనిదీ ఉన్నాయి. పరీక్ష రాసిన కాగితం చేతికొచ్చినప్పుడు "ఇదేనా పెద్ద పరీక్ష?" అని కాదు, "ఈ బొమ్మ ఏ ప్రశ్నకు జవాబు చెబుతుంది?" అని అడగాలనడానికి కారణం ఇదే.

1895 నవంబరు 8న జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో రాంట్‌జెన్ కనిపెట్టిన ఎక్స్‌రే ఇచ్చేది నీడ. కిరణాలను గాలి దాదాపుగా పోనిస్తుంది, ఎముక ఆపుతుంది. నల్లటి ఊపిరితిత్తుల మీద నిమ్ము చేసిన చోటు తెల్లగా తేలేది అందుకే. ఛాతీని బొమ్మ పడే పలకకు ఆనించి, కిరణాలను వీపు వైపు నుంచి పంపడంలోనూ లెక్క ఉంది. దీపానికి దగ్గరగా, గోడకు దూరంగా ఉన్న చెయ్యి నీడ పెద్దదవుతుంది. గుండె ఛాతీలో ముందువైపు ఉంటుంది కాబట్టి పలకకు దగ్గరగా ఉంటే దాని నీడ అంతగా ఉబ్బదు. మంచం మీద పడుకోబెట్టి ముందు నుంచి తీసిన ఎక్స్‌రేలో మామూలు గుండె కూడా పెద్దగా కనిపించవచ్చు. నీడకు లోతు ఉండదనేది ఇంకో పరిమితి. గుండె చాటునా, పక్కటెముకల చాటునా ఉన్న చిన్న మచ్చ అందులో దొరక్కపోవచ్చు.

ఆ లోతును తెచ్చింది ఇంగ్లండ్‌లో ఈఎంఐ కంపెనీ ఇంజనీరు గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్. అనేక కోణాల నుంచి కిరణాలు పంపి, లెక్కగట్టి, లోపలి పొరను గళ్లగళ్లుగా పునర్నిర్మించడం ఆయన పద్ధతి, అదే సీటీ స్కాన్. 1971 అక్టోబరు 1న లండన్‌లోని ఒక ఆసుపత్రిలో తొలిసారి రోగి మెదడును అలా చూశారు. ఒక పొరలో 80 వరసలు, 80 నిలువులు, ప్రతి గడికీ ఒక అంకె. నీటికి 0, గాలికి మైనస్ 1000 అనే, ఆయన పేరుతో పిలిచే కొలమానం నేటికీ వాడుకలో ఉంది. కానీ ఒక్కో చూపుకు సుమారు 5 నిమిషాలు పట్టేది. తల అంతసేపు కదలకుండా ఉండగలదు, ఛాతీ ఉండలేదు. శరీరమంతా చూసే స్కానర్‌ను అమెరికాలో రాబర్ట్ లెడ్లీ 1970ల నడుమ తెచ్చినా, ఊపిరి చిక్కు తీరింది మాత్రం 1980ల చివర్లో. మంచం జరుగుతూ ఉండగానే ఎక్స్‌రే గొట్టం ఆగకుండా చుట్టూ తిరిగే స్పైరల్ స్కాన్ వచ్చాక, ఛాతీ మొత్తాన్ని ఒక్క ఊపిరిలో చూడటం సాధ్యమైంది.

ఇంత వివరంగా చూపే యంత్రం ఉండగా అందరికీ అదే తీసేస్తే పోదా అనిపించడం సహజం. ఎక్కువ కనబడటం వేరు, ఎక్కువ తెలియడం వేరు. 2011లో ఫలితాలు వెలువడిన అమెరికా అధ్యయనంలో 53 వేలకు పైగా మంది పాల్గొన్నారు. అందరూ 55-74 ఏళ్లవారు, రోజుకో పెట్టె చొప్పున 30 ఏళ్లు సిగరెట్లు కాల్చినంత చరిత్ర ఉన్నవారు. ఎక్స్‌రేతో పోలిస్తే తక్కువ డోసు సీటీ తీసినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయి. అది గొప్ప ఫలితమే. అయితే సీటీల్లో దాదాపు 24 శాతం అనుమానం రేపగా, వాటిలో 96 శాతం క్యాన్సర్ కానే కాదు. ఇంత ముప్పున్నవారిలోనే ఇలా ఉంటే, పొగ జోలికి పోని యువకుడికి ముందుజాగ్రత్త స్కాన్‌తో మిగిలేది చాలాసార్లు బెంగే. 2021లో కోవిడ్ రోజుల్లో మన ఇళ్లలో "సీటీ స్కోరు 25కి ఎంత?" అనే మాట గుర్తుండే ఉంటుంది. ఊపిరితిత్తుల ఐదు భాగాలకూ ఐదేసి మార్కులు వేసి, మచ్చలు ఎంతమేర పరచుకున్నాయో చెప్పే లెక్క అది. ఆక్సిజన్ పెట్టాలా వద్దా అనే ప్రశ్నకు జవాబు మాత్రం వేలికి తగిలించిన ఆక్సీమీటర్ దగ్గరే ఉండేది.

దీన్నిబట్టి స్కాన్ అంటే పారిపోవాలనుకోవడమూ పొరపాటే. ఛాతీ ఎక్స్‌రే రేడియేషన్ 0.1 మిల్లీసీవర్ట్ లేదా అంతకన్నా తక్కువ, తక్కువ డోసు సీటీ సుమారు 1.5, మామూలు సీటీ సుమారు 6. నేల నుంచీ ఆకాశం నుంచీ మనకు ఏటా సహజంగా సోకేదే ప్రపంచ సగటున 2.4. ఊపిరితిత్తి రక్తనాళంలో గడ్డ అడ్డుపడిందన్న అనుమానం ఉన్నప్పుడు ఈ అంకెలు చూసి సీటీ మానుకోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. చవకైన ఎక్స్‌రేనూ చిన్నచూపు చూడకూడదు. 2019-21 జాతీయ క్షయ సర్వేలో, ఎక్స్‌రే తీయకపోతే 42.6 శాతం కేసులు తప్పిపోయేవని తేలింది. అయినా అది చూపేది అనుమానపు మచ్చనే, క్షయ అని తేల్చేది కఫం పరీక్ష.

కాబట్టి పరీక్షకు ముందు రోగి అడగాల్సినవి రెండు: దీంతో ఏం తేలుతుంది, తేలిన దాన్నిబట్టి వైద్యం మారుతుందా? చెప్పాల్సినవి మూడు: గర్భం ఉందేమోనన్న అనుమానం, కిడ్నీ జబ్బు, గతంలో స్కాన్ కోసం ఇచ్చిన డై ఇంజెక్షన్ పడకపోవడం. పాత ఫిల్ములు తప్పకుండా వెంట తీసుకెళ్లాలి. రెండేళ్ల కిందటి బొమ్మలోనూ అదే మచ్చ అంతే సైజులో ఉంటే, కొత్త స్కాన్ అవసరం లేకుండానే డాక్టరు భరోసా ఇవ్వగలగవచ్చు. ఆ జవాబు ఏ కొత్త యంత్రంలోనూ దొరకదు, ఇంట్లో బీరువా మీద ఉన్న పాత కవరులో ఉంటుంది.