మెయిల్‌లో పంపిన ఫొటో తెరుచుకోకపోతే...

మిరప పూతలో నల్ల తామర పురుగు కనిపించింది. ఫొటో తీసి శాస్త్రవేత్తకు ఈ-మెయిల్‌లో పంపారు. అక్కడి కంప్యూటర్లో అది తెరుచుకోలేదు. ఫోన్ పాడైందనుకుని ఊరుకుంటే పూతంతా రాలిపోతుంది. 2021లో ఈ పురుగు మన మిరప చేలను ఎంత దెబ్బతీసిందో తెలిసిందే.

చాలాసార్లు ఫొటో బాగానే ఉంటుంది, దాని రకమే వేరు. ఫైలు పేరు చివర చూడండి. 'జేపీజీ' అని ఉంటే ఏ కంప్యూటరైనా తెరుస్తుంది. 'హెచ్‌ఈఐసీ' అని ఉంటేనే చిక్కు. ఫోన్లో చోటు కలిసొస్తుందని 2017 నుంచి ఐఫోన్లకు ఈ రకం పెట్టారు. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఉంది. విండోస్ కంప్యూటర్లో ఇందుకు తగిన ప్రోగ్రాం లేకపోతే ఫొటో తెరుచుకోదు. పేరు చివర జేపీజీ అని మార్చి పంపితే లాభం లేదు. బస్తా మీద పేరు మారిస్తే లోపలి విత్తనం మారుతుందా?

ఐఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా, అందులో ఫార్మాట్స్ నొక్కి 'మోస్ట్ కంపాటిబుల్' ఎంచుకోండి. ఆ తర్వాత తీసే ఫొటోలన్నీ జేపీజీలో వస్తాయి. పాతవి మాత్రం మారవు. పైరు ఎదురుగానే ఉంది కాబట్టి మళ్లీ తీయడమే మేలు. పాత ఫొటోనే పంపాలంటే పురుగు ఉన్నచోట పెద్దది చేసి స్క్రీన్‌షాట్ తీయండి.

ఫొటో సగమే కనిపించి మిగతాది బూడిద రంగులో ఉంటే సిగ్నల్ తెగి పూర్తిగా దిగలేదన్నమాట. మళ్లీ దించుకోమనండి.

మెయిల్‌లో ఫొటో ఒక్కటే పెట్టకుండా రకం, పైరు వయసు, కొట్టిన మందులు కూడా రాయండి. ఫొటో ఆలస్యమైనా వారు అడగాల్సింది అడుగుతారు.